కొవ్వు పంపే కబురు

(నల్లగొండలో ఉదయపు నడకకు వచ్చేవాళ్లు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తున్నదా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు అంటే వినిపిస్తున్నట్టా, లేక చెయ్యెత్తమన్న మాట కూడా వినిపించనట్టా? సరే, మొదలుపెడదాం.

ఎన్జీ కాలేజీ గ్రౌండులో రోజూ మిమ్మల్ని చూస్తూనే ఉంటాను. రెండు రౌండ్లు వేయగానే ఎవరో ఒకరు ఆపి జేబులోంచి రిపోర్టు తీస్తారు. అందరికీ ఒకేసారి చెప్పించేస్తే నన్ను ప్రశాంతంగా నడవనివ్వచ్చు అనుకున్నట్టున్నారు. మంచి ఆలోచనే.

ఒక పేషెంటు సంగతితో మొదలుపెడతాను. బోరు మోటర్లకు వైండింగ్ చేసే మనిషి. నలభై దాటాయి. 58 కిలోలు, ఐదడుగుల ఐదంగుళాలు. పుస్తకం ప్రకారం చూస్తే బరువు సరిగ్గా సరిపోయింది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. చొక్కా విప్పితే మాత్రం చిన్న కుండ బోర్లించినట్టు పొట్ట. పరగడుపున షుగర్ 190. ఆయన నన్ను కోపంగా చూశాడు. "సారూ, మీ మిషన్ తప్పు చూపెడుతున్నట్టుంది. మా బామ్మర్ది నూటపది కిలోలుంటడు, వానికి లేదు. నాకెట్ల వస్తది?"

నిజమే, ఎట్ల వస్తది? ఇది చిన్న ప్రశ్న కాదు. నేను మెడిసిన్ చదివిన పుస్తకాలతో దీనికి జవాబు చెప్పలేను. ఆ పుస్తకాల్లో కొవ్వు అంటే ఒక గరిసె. మిగిలిన తిండిని పోసి పెట్టుకునే చోటు, అంతే. గరిసె మాట్లాడుతుందా? మాట్లాడదు. కొవ్వు కూడా అంతే అనుకున్నాం.

గరిసె మాట తప్పని అనను. లెక్క చూడండి. 60 కిలోల మనిషి ఒంట్లో 12 కిలోల కొవ్వు ఉందనుకుందాం. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు. 12 కిలోలంటే 92 వేల పైచిలుకు. రోజుకు రెండు వేలు ఖర్చు పెడితే నెలన్నర గడుస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడు మన పెద్దలు ఎట్లా బతికారు? పాలమూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలు డ్యాములు కట్టడానికి, కాలువలు తవ్వడానికి దేశమంతా వలస పోయాయి. అర్ధాకలితో రాళ్లు మోసినవాళ్లకు ఆ కొద్ది కొవ్వే అక్కరకొచ్చింది. కాబట్టి కొవ్వును తిట్టే ముందు కాస్త మర్యాద ఇద్దాం.

కానీ గరిసెలో ఎంత ఉందో ఇంటి యజమానికి తెలియాలి కదా? ఎవరు చెబుతారు? ఇక్కడి నుంచి అసలు కథ.

1949లో అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబొరేటరీలో ఒక ఎలుక దొరికింది. వాళ్లు పరిశోధనల కోసం ఎలుకల్ని పెంచేవాళ్లు. ఆ ఎలుక తింటూనే ఉంటుంది, తింటూనే ఉంటుంది. మామూలు ఎలుకకు రెండింతలు, మూడింతలు బరువు. తర్వాత కొన్నేళ్లకు అక్కడే ఇంకో రకం దొరికింది. అదీ లావే, దానికి షుగర్ కూడా విపరీతం. చూడ్డానికి రెండూ ఒకటే. లోపల జబ్బు ఒకటేనా? డగ్లస్ కోల్మన్ అనే శాస్త్రవేత్త దీని వెంట పడ్డాడు.

ఆయనేం చేశాడంటే, రెండు ఎలుకల్ని పక్కపక్కన పెట్టి, చర్మం కోసి, అతికించి కుట్టేశాడు. ఒకదాని రక్తం ఇంకోదానిలోకి కొంచెం కొంచెంగా వెళ్తుంది. వినడానికి కష్టంగా ఉందని తెలుసు, అమ్మా, మొహం అట్లా పెట్టకండి, ఆ ఎలుకల పుణ్యాన మనకు చాలా తెలిసింది. మొదటి రకం లావు ఎలుకను మామూలు ఎలుకతో కుట్టాడు. లావు ఎలుక తిండి తగ్గించింది, బరువు తగ్గింది. రెండో రకాన్ని మామూలు ఎలుకతో కుట్టాడు. లావుది లావుగానే ఉంది. పక్కనున్న మామూలు ఎలుక తిండి మానేసి, ఎదురుగా మేత ఉండగానే, ఆకలితో చచ్చిపోయింది.

ఆగి ఆలోచించండి. ఎదురుగా మేత ఉంది, ఎలుక తినలేదు, చచ్చిపోయింది. ఎందుకు?

కోల్మన్ ఇలా అర్థం చేసుకున్నాడు. "చాలు, ఇక తినకు" అని చెప్పే పదార్థం ఏదో రక్తంలో తిరుగుతోంది. మొదటి రకం ఎలుక ఆ పదార్థాన్ని తయారు చేసుకోలేదు, పక్క ఎలుక నుంచి అందగానే బాగుపడింది. రెండో రకం ఎలుక దాన్ని బోలెడంత తయారు చేస్తుంది, కానీ తనకు వినిపించదు. చెవుడు. ఆ కేకంతా పక్క ఎలుక చెవిలో పడి దాన్ని చంపింది. ఒకదానికి నోరు లేదు, ఇంకోదానికి చెవి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మనకు మళ్లీ కావాలి.

ఆ పదార్థమేమిటో దొరకడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో ఆ జన్యువును పట్టుకుంది. తయారవుతున్నది ఎక్కడ అని చూస్తే, కొవ్వు కణాల్లో! గరిసె అనుకున్నది కబుర్లు పంపుతోంది. దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నం.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటంటారా? 1997లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి డాక్టర్లు ఇద్దరు పిల్లల గురించి రాశారు. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబం, దగ్గరి సంబంధాలు చేసుకునేవాళ్లు. మన మేనరికాల లాగే అనుకోండి. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు. రెండేళ్ల బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నారు, నాలుగైదు నెలలకు మొదలైంది. ఎంత తిన్నా ఇంకా కావాలని ఏడుపు. పరీక్ష చేస్తే ఒంట్లో లెప్టిన్ లేదు. ఆ పాపకు లెప్టిన్ ఇంజక్షన్ మొదలుపెట్టారు. ఏడాదిలో 16 కిలోలు తగ్గింది, మిగతా పిల్లల్లాగే తినడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆ తల్లిని ఎంతమంది అని ఉంటారు? "పిల్లకు అదుపు నేర్పలేదు" అని. అదుపు లేకపోవడం ఆ పిల్ల గుణం కాదు, నెత్తురులో ఒక కబురు లేదు. నేను కూడా ప్రాక్టీసు మొదట్లో లావుగా ఉన్నవాళ్లను "నోరు కట్టుకోవాలి" అని చాలా తేలిగ్గా అనేసేవాణ్ణి. ఇప్పుడు అనను.

మరి ఇంకేం, లెప్టిన్ దొరికింది, అందరికీ ఇంజక్షన్ వేస్తే అయిపాయె! అమెరికాలో ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ కూడా అదే అనుకుని లైసెన్సు కోసమే 2 కోట్ల డాలర్లు కట్టింది. మామూలుగా లావున్నవాళ్ల మీద పరీక్షించారు. ఏమైంది? దాదాపు ఏమీ కాలేదు. కొద్దిమంది కొంచెం తగ్గారు, అంతే. ఎందుకంటే వాళ్లలో లెప్టిన్ తక్కువ లేదు. ఎక్కువుంది! ఎంత కొవ్వుంటే అంత లెప్టిన్. ఇందాక చెప్పిన రెండో ఎలుక గుర్తొచ్చిందా? నోరు ఉంది, చెవి మందగించింది. కొవ్వు అరుస్తూనే ఉంది, మెదడుకు సరిగ్గా వినిపించడం లేదు. దీన్నే లెప్టిన్ రెసిస్టెన్స్ అంటున్నారు.

ఇంకో సంగతి. లెప్టిన్ అసలు పని మనల్ని సన్నగా ఉంచడం కాకపోవచ్చు అని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం, నాకూ అదే సబబనిపిస్తుంది. అది కరువు గంట. పెరిగినప్పుడు మెదడు పెద్దగా పట్టించుకోదు, తగ్గినప్పుడు మాత్రం ఉలిక్కిపడుతుంది. మీరు సంక్రాంతి సకినాలు, అరిసెలు తిని, ఉగాది నాటికి తగ్గాలని కడుపు మాడ్చుకున్నారనుకోండి. కొవ్వు కొంచెం తగ్గేలోపే లెప్టిన్ బాగా పడిపోతుంది. మెదడు ఏమనుకుంటుంది? కరువొచ్చింది అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. మరీ సన్నబడ్డ ఆడపిల్లల్లో నెలసరి కూడా ఆపేస్తుంది, ఈ కరువులో బిడ్డెందుకని. తగ్గిన బరువు మళ్లీ ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమైందా? మీ మనసు బలహీనం అని ఎవరైనా అంటే నమ్మకండి. నిద్ర కూడా ఇందులో ఉంది. 2004లో ఒక చిన్న పరిశోధనలో 12 మంది కుర్రాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పెరిగింది. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులు ఎత్తొద్దులెండి, పక్కన ఇంటివాళ్లు ఉన్నారు.

ఇప్పుడు షుగర్ దగ్గరికి వద్దాం. మన వైండింగ్ ఆయన ప్రశ్న అట్లాగే ఉంది.

కొవ్వు పంపే ఇంకో హార్మోన్ అడిపోనెక్టిన్. 1995లో బయటపడింది. దీని తీరే వేరు. కొవ్వు పెరిగితే లెప్టిన్ పెరుగుతుంది కదా, ఇది తగ్గుతుంది! ముఖ్యంగా పొట్టలోపల కొవ్వు పెరిగితే తగ్గుతుంది. ఇది బాగా ఉన్నవాళ్లలో, రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ మాట లివరూ కండరాలూ వింటాయి. తక్కువున్నవాళ్లకు ముందుముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. మన దేశపు మనుషుల్లో, తెల్లవాళ్లతో పోలిస్తే, ఇది తక్కువగా ఉంటుంది. అయితే ఎలుకల్లో దొరికినంత గట్టి రుజువు మనుషుల్లో లేదు, అది కూడా చెప్పాలి. అడిపోనెక్టిన్ తక్కువ కాబట్టే షుగర్ వచ్చిందా, రెండూ ఒకే కారణం వల్ల వచ్చాయా అన్న వాదన నడుస్తూనే ఉంది. ఇవి కాక లావైన కొవ్వులో వాపు పుట్టించే పదార్థాలు కూడా ఉంటాయి. టీఎన్‌ఎఫ్ అనేది ఇన్సులిన్‌కు అడ్డుపడుతుందని 1993లోనే ఎలుకల్లో చూపించారు. ఆ పేర్లన్నీ మీకు అక్కర్లేదు.

మీకు అక్కరకొచ్చేది ఒకటి చెబుతాను. సీజన్‌లో మిర్యాలగూడ రోడ్డు మీద పోయారా? కోతలు ఒక్కసారే అవుతాయి, మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. మిల్లులో జాగా లేదు, దింపుకోవడం లేదు. వడ్లు ఎక్కడ పోస్తారు? రోడ్డు మీద పోస్తారు, బడి ఆవరణలో పోస్తారు, ఎక్కడ సందుంటే అక్కడ పోస్తారు. వడ్లు చెడ్డవా? కాదు. ఉండాల్సిన చోట లేవు, దాంతో రోడ్డు మీద బండి పోదు.

చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో ఉండే కొవ్వు గోడౌన్. అక్కడ ఉన్నంతకాలం పెద్ద గొడవ లేదు. కొందరికి గోడౌన్ పెద్దది, నూటపది కిలోల బామ్మర్ది లాంటివాళ్లు. అందరూ కాదు, ఆయనకు ముందుముందు రాదని కూడా నేను రాసివ్వను. కొందరికి గోడౌన్ చిన్నది. నిండగానే కొవ్వు రోడ్డు మీద పడుతుంది. పేగుల చుట్టూ, లివర్‌లో, కండరాల్లో, చివరికి ఇన్సులిన్ తయారయ్యే పాంక్రియాస్‌లో కూడా. లివర్‌లో కొవ్వు చేరితే అది ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా మీరు నిద్రపోతుంటే అది చక్కెర తయారు చేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. "రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా, పొద్దున షుగర్ ఎందుకు పెరిగింది డాక్టర్?" అని అడుగుతారు చూశారా, ఇదే జవాబు.

మన గోడౌన్లు చిన్నవి. దీనికి ఒక ఫొటో ఉంది, చాలా ప్రసిద్ధం. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు ఎంతో కొలిస్తే లండన్ ఆయనకు 9.1 శాతం, పుణె ఆయనకు 21.2 శాతం. తూకం మిషన్ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. మన వైండింగ్ ఆయన పుణె డాక్టర్ వైపు మనిషి.

కొవ్వు ఎక్కువుంటే షుగర్, తీసేస్తే షుగర్ పోతుంది అనుకుంటాం కదా? తీసేసి చూశారు. అదే 2004లో అమెరికాలో 15 మంది లావైన ఆడవాళ్లకు లైపోసక్షన్ చేసి, చర్మం కింద కొవ్వు దాదాపు 10 కిలోలు లాగేశారు. లెప్టిన్ తగ్గింది. ఇన్సులిన్ పని తీరు? ఏమీ మారలేదు. గోడౌన్ ఖాళీ చేశారు, రోడ్డు మీద వడ్లు అట్లాగే ఉన్నాయి. ఇంకో వైపు చూడండి. అరుదుగా కొందరు అసలు కొవ్వే లేకుండా పుడతారు. లైపోడిస్ట్రఫీ. సన్నగా, కండలు తిరిగి, సినిమా హీరోలా కనిపిస్తారు. వాళ్లకు షుగర్ రాకూడదు కదా? భయంకరమైన షుగర్ వస్తుంది. లివర్ నిండా కొవ్వు, ఆపలేని ఆకలి. గోడౌనూ లేదు, లెప్టిన్ పంపేవాడూ లేడు. ఇందాక లెప్టిన్ ఇంజక్షన్ ఫెయిలైందని చెప్పాను కదా, వీళ్లకు అది బ్రహ్మాండంగా పనిచేసింది. 2014లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు పయోగ్లిటజోన్ బిళ్ల వేసుకుంటున్నారు, నేనే రాశాను. "సారూ, షుగర్ తగ్గింది గానీ నేను బరువు పెరిగిన" అని గొణుగుతుంటారు. ఆ మందు చేసే పనే అది. చర్మం కింద గోడౌన్ పెద్దది చేసి లివర్‌లోని కొవ్వును అక్కడికి తరలిస్తుంది, అడిపోనెక్టిన్ పెంచుతుంది. బరువు పెరిగి షుగర్ తగ్గింది! దానికి వేరే ఇబ్బందులున్నాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు నీరు పడుతుంది, మూత్రాశయం క్యాన్సర్ అనుమానంతో 2013లో మన దేశంలో ఆపేసి, కొన్ని వారాలకే హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. కాబట్టి పక్కింటాయన చెప్పాడని మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు.

మరి రోడ్డు మీద వడ్లు ఎత్తేది ఎట్లా? తిండి తగ్గి బరువు తగ్గినప్పుడు, ముందుగా ఖాళీ అయ్యేవాటిలో లివర్ ఒకటి. మన అదృష్టం అది. బ్రిటన్‌లో చేసి, 2017లో ఫలితాలు ప్రకటించిన డైరెక్ట్ అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు మందులు ఆపి, మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 క్యాలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ జబ్బు గీత కిందికి దిగింది. 15 కిలోలకు పైగా తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. అది డాక్టర్ల నిఘాలో జరిగింది. ఇన్సులిన్ మీదున్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. మీరు రేపటి నుంచి బిళ్లలు ఆపి ఉపవాసాలు మొదలుపెడితే ఎల్లుండి స్ట్రెచర్ మీద వస్తారు. వైండింగ్ ఆయన 15 కిలోలు తగ్గాల్సిన పని లేదు, ఆయన దగ్గర అంత లేనే లేదు. ఐదు కిలోలు తగ్గాడు. పరగడుపు షుగర్ 118కి వచ్చింది. ఒక బిళ్ల ఇంకా నడుస్తోంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి సార్. ఆ... జొన్నరొట్టె గురించి. సాగర్ ఎడమ కాలువ రాకముందు మన పెద్దలు జొన్నగటక తిన్నారు, 1967లో సాగర్ నీళ్లు వదిలాక వరి వచ్చింది, వరితో షుగర్ వచ్చింది అంటున్నారు. సగం నిజం సార్. జొన్న నెమ్మదిగా అరుగుతుంది, తక్కువకే కడుపు నిండుతుంది. కానీ వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ క్యాలరీలు దాదాపు సమానమే. మీ తాత గటక తాగి నాగలి పట్టాడు. మనం నాలుగు రొట్టెలు తిని, పైన కొంచెం అన్నం పెరుగేసుకుని, టీవీ పెట్టుకుంటున్నాం.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు. వారానికొక ఇంజక్షనా? టిర్జెపటైడ్. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. ఇది కొవ్వు హార్మోన్ కాదు, పేగు హార్మోన్ల దారిలో పనిచేస్తుంది. బరువు బాగా తగ్గిస్తుంది, నిజం. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది, అదీ నిజం. కరువు గంట అక్కడే ఉంది కదా.

మనవరాలు రెండు కిలోలే పుట్టిందని ఇందాక ఒకామె బయట అడిగారు. ఆ మాట ఇక్కడే చెబుతాను. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో ఒక పని జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు వండిన తిండి పెట్టారు. మిగతా 14 ఊళ్లలో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక కొలిచి, 2008లో ఫలితాలు రాశారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు పొడవున్నారు. ఒంట్లో కొవ్వు రెండు వైపులా ఇంచుమించు ఒకటే. ఇన్సులిన్ మాత్రం తిండి అందినవాళ్లలో మెరుగ్గా పనిచేస్తోంది. కొవ్వు అంతే ఉంది, షుగర్ తీరు బాగుంది! తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే లెక్క మొదలవుతుందన్నమాట. మీ మనవరాలికి తల్లిపాలు పట్టండి, అంగన్‌వాడీ గుడ్డును చిన్నచూపు చూడకండి. చిన్నగా పుట్టింది కదా అని ఒక్కసారే బొద్దుగా చేయాలని చూడొద్దు. సన్నగా పుట్టి గబగబా లావెక్కిన పిల్లలకే ముందుముందు ఎక్కువ ఇబ్బంది.

ఇంకొకటి. లెప్టిన్ టెస్టు చేయించుకోవాలా? వద్దు. అడిపోనెక్టిన్ టెస్టు? అదీ వద్దు. ప్యాకేజీలో వేసి అమ్మజూపుతారు, ఆ నంబరు చూసి నేను మార్చే మందు ఏదీ లేదు. టైలర్ దగ్గర దొరికే టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజు చెప్పొద్దు సార్, మనం ప్యాంటు పొట్ట కింద కడతాం. ఇరవై ఏళ్లుగా నాదీ 34 సైజే, టేపు పెడితే 94 వచ్చింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి.

టేపులు రెండు తెచ్చాను. ఈ వరుస నుంచి ఒకటి, ఆ వైపు అమ్మల దగ్గర ఒకటి. ఊపిరి బిగపట్టొద్దు సార్, నేను చూస్తూనే ఉన్నాను.